తుంటి కీలు దగ్గర ఆగి చూస్తే: 1/60 వాల్కిరీ వీఎఫ్-1జే సమీక్ష

రూపం మారే రోబో బొమ్మల పెట్టెల మీద ఎప్పుడూ రెండు ఫొటోలే పెద్దవిగా ఉంటాయి. ఒకదానిలో అది విమానమో వాహనమో అయి ఉంటుంది, రెండోదానిలో కాళ్లూ చేతులూ విప్పుకుని నిలబడి ఉంటుంది. ఈ రెంటి నడుమ ఆ బొమ్మ మన చేతుల్లో గడిపే పది పదిహేను నిమిషాల ఫొటో మాత్రం ఎవరూ వేయరు. ఆరు నెలలుగా నా దగ్గరున్న 1/60 స్కేలు (అంటే అసలు విమానంలో అరవయ్యో వంతు) వీఎఫ్-1జే వాల్కిరీ గురించి రాయబోతే ఆ పది పదిహేను నిమిషాల గురించే ఎక్కువ రాయవలసి వస్తోంది, ఎందుకంటే ఈ బొమ్మ గొప్పతనమూ బలహీనతా రెండూ అక్కడే ఉన్నాయి.

తయారుచేసిన కంపెనీ పేరు రాయడం లేదు, దానికి కారణం ఉంది. నేను కొన్నది వాడిన బొమ్మ. నాకంటే ముందు దీన్ని ఎన్నిసార్లు మార్చారో, ఎంతకాలం ఏ కిటికీ పక్కన పెట్టారో నాకు తెలియదు. నాకు కనిపించిన లోపాల్లో తయారీలోనే ఉన్నదేదో, పాత యజమాని మోటుదనం వల్ల వచ్చినదేదో, నా స్వయంకృతమేదో పూర్తిగా విడదీసి చెప్పలేను. మూడోరకానిది ఒకటి మాత్రం కచ్చితంగా ఉంది, దాని సంగతి కింద చెబుతాను.

వాల్కిరీ అని పిలిచే వీఎఫ్-1 అనేది 1982 అక్టోబరు 3న జపాన్ టెలివిజన్‌లో మొదలై 1983 జూన్ 26న 36 భాగాలతో ముగిసిన మక్రాస్ అనే యానిమేషన్ ధారావాహికలోని యుద్ధవిమానం. జే అన్నది దాని రకాల్లో ఒకటి. దాని రూపకర్త కవమోరి షోజి. జంట తోకలను, ముందుకూ వెనక్కూ కదిలే రెక్కలను చూడగానే అమెరికా నౌకాదళపు ఎఫ్-14 టామ్‌క్యాట్ గుర్తుకొస్తుంది. అయితే ఈ విమానంలో ఇంజన్లున్న రెండు పొడుగాటి గొట్టాలే కాళ్లవుతాయి. గాలిని పీల్చుకునే నోళ్లు తొడల పైకి, మంట చిమ్మే నాజిళ్లు పాదాల స్థానానికి చేరతాయి. ఆ రెండు గొట్టాల మధ్య ముడుచుకుని దాక్కున్నవి చేతులు. పొట్ట కింద బోర్లా పడి ఉన్నది తల. విమానంగా ఉన్నప్పుడు ఫైటర్, మనిషి ఆకారంలో ఉన్నప్పుడు బాట్రాయిడ్ అంటారు. ఈ రెంటికీ మధ్యన, విమానానికే చేతులూ, పక్షికాళ్లలా వెనక్కు వంగిన కాళ్లూ మొలిచినట్టుండే రూపాన్ని గెర్‌వాక్ అంటారు. మక్రాస్‌కు ముందూ తరువాతా రూపం మారే యంత్రాలు చాలానే వచ్చాయి గాని, ఈ మధ్య రూపానికే ఒక పేరూ, యుద్ధంలో ఒక పనీ ఇచ్చి నిలబెట్టిన ఘనత దీనిదే.

ఇంకొంచెం వెనక్కి వెళితే దీని విలువ బాగా తెలుస్తుంది. 1974లో వచ్చిన గెట్టర్ రోబో అనే యానిమేషన్ ధారావాహికలో మూడు విమానాలు ఒకదానిమీదొకటి గుచ్చుకుని రోబో అవుతాయి. బొమ్మ గీసేవారి కలం లోహాన్ని పిండిముద్దలా సాగదీసింది గనుక తెరమీద చూడటానికి బాగానే ఉండేది. దాన్ని ఉన్నదున్నట్టు ప్లాస్టిక్‌లో పోయడం ఎవరివల్లా అయ్యే పని కాదు. 1976 నాటి కంబాట్లర్ వీ అనే ధారావాహిక ఆ వరసను మార్చింది: తెరమీద ఎలా కలుస్తుందో చేతిలోనూ అలాగే కలిసే బొమ్మ వచ్చింది. కవమోరి ఈ తర్కాన్నే మరింత పైకి తీసుకువెళ్లారు. కొత్త యంత్రాన్ని ఆలోచించేటప్పుడు లెగో ఇటుకలతో నమూనా కట్టి, భాగాలు నిజంగా తిరుగుతాయో లేదో చేత్తో చూసుకోవడం ఆయన పద్ధతి. వీఎఫ్-1 కాగితం మీద ఎంత వయ్యారంగా ఉన్నా, దానిలో ఏ భాగం ఎక్కడికి పోతుందో అడిగితే జవాబు ఉంటుంది.

ఒక్కచోట తప్ప. ఆ ఒక్కచోటు తుంటి. విమానంగా ఉన్నప్పుడు కాళ్లు రెక్కల మొదళ్ల కింద, వెనకభాగంలో తగులుకుని ఉంటాయి. మనిషిగా మారాక అవే కాళ్లు విమానం ముక్కుకు రెండు పక్కలా, అంటే కాక్‌పిట్‌కు కాస్త వెనక, మొలిచి ఉండాలి. కాలు ఒక ఊరి నుంచి మరో ఊరికి కాపురం మారినట్టే. తెరమీద ఈ ప్రయాణం రెప్పపాటులో అయిపోతుంది గనుక ఎవరూ అడగరు. బొమ్మ చేసేవాడికి మాత్రం కాలును మోయడానికి ఒక కడ్డీ కావాలి, ఆ కడ్డీ దాగడానికి చోటు కావాలి, చేరిన చోట నిలబడటానికి తాళం కావాలి. నలభై ఏళ్లుగా వచ్చిన వాల్కిరీ బొమ్మలన్నిటినీ ఈ ఒక్క కీలును బట్టి వరసపెట్టి అంచనా వేయవచ్చునని నా అభిప్రాయం.

మొదటి జవాబు తకతోకు టాయ్స్‌ది. ధారావాహిక నడుస్తున్న రోజుల్లోనే ఆ కంపెనీ తెచ్చిన 1/55 బొమ్మ కాళ్లు ఊడదీయకుండానే మూడు రూపాల్లోకీ మారేది. అంతటి గట్టిదనానికి మూల్యం రూపంలో చెల్లించింది. ఫైటర్‌గా చూస్తే నడుము దగ్గర ఉబ్బుగా, కాళ్లు కాస్త వేలాడుతున్నట్టు ఉంటుంది. 1984లో తకతోకు దివాలా తీసింది, అచ్చులు బాండాయ్ చేతికి వెళ్లాయి. 1985లో అదే బొమ్మ హాస్‌బ్రో ట్రాన్స్‌ఫార్మర్స్ వరసలో జెట్‌ఫైర్ అనే పేరుతో అమ్ముడుపోయింది. అందువల్ల మక్రాస్ అనే మాటే వినని ఎందరో పిల్లలు వాల్కిరీని చేతుల్లో తిప్పారు. పైగా హక్కుల చిక్కుల వల్ల కార్టూన్‌లో ఆ పాత్ర రూపాన్నీ పేరునూ మార్చి స్కైఫైర్ అన్నారు కాబట్టి, బొమ్మకూ కార్టూన్‌కూ ఎందుకు పోలిక లేదో ఆ పిల్లలకు ఎవరూ చెప్పి ఉండరు. తరువాతి కాలంలో కొందరు తయారీదారులు తుంటి చిక్కును తప్పించుకోవడానికి కాళ్లను పూర్తిగా ఊడదీసి, ముక్కు పక్కన మళ్లీ తగిలించే పద్ధతి పట్టారు. రెండు రూపాలూ అందంగా వచ్చాయి, నిజమే. కాని కాలు చేతిలోకి ఊడి వచ్చిన క్షణాన అది రూపం మార్చడం కాదు, విప్పి బిగించడం.

నా 1/60 బొమ్మ ఈ చిక్కును ఎలా విప్పిందో ఇప్పుడు చూడవచ్చు. కథలోని అసలు విమానం పొడవు 14.23 మీటర్లని లెక్క గనుక ఈ స్కేలులో ముక్కు నుంచి తోక వరకు దాదాపు 24 సెంటీమీటర్లు వస్తుంది, బాట్రాయిడ్‌గా నిలబెడితే 21 సెంటీమీటర్లు. ఒక అరచేతిలో పొట్ట ఆనించి, మరో చేత్తో పని చేయడానికి ఇది చక్కగా సరిపోయే పరిమాణం. మొదట వెనక చక్రాల తలుపులు మూసి, రెండు గొట్టాలనూ మధ్యనున్న చేతుల నుంచి పక్కకు లాగాలి. చిన్న పిడి ఒకటి గాడిలోంచి టక్కున ఊడుతుంది. అప్పుడు కాలు కిందికి వేలాడి, గాలి నోటి లోపలి గోడ వెనక నుంచి ఇంతవరకు కనబడని ఒక సన్నని లోహపు కడ్డీ బయటికి వస్తుంది. కాలి బరువంతా ఆ కడ్డీ మీదే. దాన్ని ముందుకు తోస్తే కాలు అర్ధచంద్రాకారంలో తిరిగి ముక్కు పక్కకు చేరుతుంది, కడ్డీ చివర ముక్కుకున్న గాడిలో పడి ఇంకోసారి టక్కుమంటుంది. రెండు టక్కుల మధ్య దూరం రెండంగుళాలు కూడా ఉండదు. మొదటిసారి ఈ పని చేసినప్పుడు నేను ఊపిరి బిగపట్టాను. ఇప్పుడు అలవాటైంది గాని, ఎడమకాలు వచ్చినంత తేలికగా కుడికాలు నేటికీ రాదు.

కాళ్లు చేరాక మిగతాదంతా మడతల పని. జంట తోకలున్న వెనక భాగాన్ని వీపు మీదికి మడవాలి, దాని మీద తోకలను పడుకోబెట్టాలి. చేతులను కింది నుంచి బయటికి తిప్పి భుజాల స్థానానికి తేవాలి. విమానాన్ని నడుము దగ్గర విరిచినట్టు వంచితే ముక్కు నేలవైపు తిరిగి రొమ్ముగా మారుతుంది, తల పైకి లేస్తుంది. చివరగా కాక్‌పిట్ గాజు మీదికి కవచపు పలక జారుతుంది. ఇందులో ఇబ్బంది పెట్టేది భుజం. చేయి రొమ్ముకు తగులుకుని ఉండే మడత బందు సన్నని ప్లాస్టిక్ పలక. దానికి రెండు దిక్కుల్లో తిరగవలసిన పని ఉంది, ఉన్న మందమేమో మిల్లీమీటర్లలో. వరస తప్పి చేతిని ముందే లాగితే ఆ పలక మీద పడే ఒత్తిడి చేతికి తెలుస్తుంది. సూచనల పత్రంలో బాణపు గుర్తులు ఎన్నో ఉన్నాయి గాని, ఏ బాణం ముందో ఏది తరువాతో తేల్చే అంకెలు ఈ మెట్టు దగ్గర లేవు. అన్నిటికంటే అవసరమైన చోటే పత్రం మౌనం వహించింది.

నా స్వయంకృతం కూడా ఈ భుజం మీదే జరిగింది. పలకల మధ్య గీతలు స్పష్టంగా కనబడితే బాగుంటుందని, ప్లాస్టిక్ మోడళ్లకు చేసినట్టుగానే నల్లటి ఎనామెల్ రంగును థిన్నర్‌లో పల్చగా కలిపి గీతల్లోకి పారించాను. రెక్కల మీదా ముక్కు మీదా అద్భుతంగా వచ్చింది. అదే ఊపులో భుజం దగ్గరి గీతకూ కుంచె తాకించాను. ఏబీఎస్ ప్లాస్టిక్‌లో ఒత్తిడి ఉన్న చోటికి, అంటే పిన్ను బిగించిన చోటికి, ఈ థిన్నర్ పాకితే పగులు వస్తుంది. ఈ సంగతి నేను పది చోట్ల చదివే ఉన్నాను. మర్నాడు ఉదయం ఎడమ భుజం బందులో పిన్ను చుట్టూ వెంట్రుకంత గీత కనబడింది. అది నేను గీసినది కాదు. సూపర్ గ్లూతో అతికిద్దామంటే పిన్ను కూడా బిగుసుకుపోతుందన్న భయం, దాని ఆవిరి పక్కనే ఉన్న కాక్‌పిట్ గాజు మీద తెల్లటి పొరగా పేరుకుంటుందన్న భయం మరొకటి. చివరికి భుజం స్క్రూ విప్పి, ఆ ఒక్క బందును బయటికి తీసి, పిన్ను తొలగించాకనే అతికించాను. నిలబడింది. కాని ఆ చేతికి తుపాకీ ఇవ్వడం మానేశాను. రూపం మారే బొమ్మకు గీతలు దిద్దాలనుకునేవారు కీళ్లకు దూరంగా ఉండాలి, లేదా ఆ పనికి నీటితో కడిగితే పోయే రంగు వాడాలి.

మూడు రూపాల్లో ఏది ఎలా ఉందో చెప్పాలి. ఫైటర్ ఈ బొమ్మ బలం. పక్కనుంచి చూస్తే ముక్కు గీత ఎక్కడా తెగకుండా వెనక్కు పారుతుంది, చక్రాల మీద నిలబెడితే ముక్కు కాస్త పైకెత్తి, ఎగరడానికి సిద్ధంగా ఉన్నట్టు కనబడుతుంది. రెండు రెక్కలూ ఒకదానితో ఒకటి ముడిపడి కదలవు, దేనికది తిప్పుకోవాలి, అది లోపమనను. కింది నుంచి చూసేవారికి మాత్రం చేతులు అడ్డదిడ్డంగా కనబడతాయి. అది ఈ బొమ్మ తప్పు కాదు, కవమోరి గీతలోనే అక్కడ అంతకంటే చోటు లేదు. తుపాకీ గొట్టం వాటిని కొంతవరకు కప్పుతుంది.

బాట్రాయిడ్ బాగుంది, అంతకు మించి అనలేను. వీఎఫ్-1జే తలకు రెండు లేజర్ గొట్టాలుంటాయి (ఏ రకానికి ఒకటి, ఎస్ రకానికి నాలుగు). నా దాంట్లో వాటిలో ఒకటి కొద్దిగా వంగి వచ్చింది, వేడినీళ్లలో ముంచి సరిచేశాను. నడుము తిరగదు. ముక్కే రొమ్ము అయినప్పుడు నడుము తిరగాలనుకోవడం గొంతెమ్మ కోరికే గనుక దానికి మార్కులు తగ్గించను. కాని రొమ్ము పలకకూ ముక్కుకూ మధ్య తాళం వదులుగా ఉంది. బొమ్మను భుజాలు పట్టుకుని ఎత్తితే రొమ్ము కాస్త కిందికి జారుతుంది. అందువల్ల నిలబెట్టిన చోటి నుంచి కదిలించేటప్పుడు తొడలు పట్టుకోవాలి.

గెర్‌వాక్ దగ్గర మాత్రం నేను నిష్పక్షపాతంగా ఉండలేను. మోకాలి కీళ్లలో పళ్లున్న చక్రాలుండటం వల్ల ఒక్కో మెట్టూ టకటకమంటూ వంగుతుంది, వంచిన కోణంలో గట్టిగా ఆగుతుంది. కాళ్లు ముందుకు చాచి, పాదాలు విప్పార్చి, ముక్కు దించి పెడితే నేల మీద వాలబోతున్న డేగలా ఉంటుంది. చాలా వాల్కిరీ బొమ్మలు ఈ రూపంలో ముందుకు తూలిపడతాయి, ఎందుకంటే బరువంతా ముక్కువైపే ఉంటుంది. దీనిలో తుంటి దగ్గరి లోహపు కడ్డీ కాళ్లను కాస్త పక్కలకు జరిపి నిలపనిస్తుంది గనుక స్టాండు లేకుండానే నిలబడుతుంది. పైన అంత కష్టపెట్టిన ఆ కడ్డీ తన రుణం ఇక్కడ తీర్చుకుంది.

వేరే స్కేళ్లతో పోలిక లేకుండా ఈ సమీక్ష కొనేవారికి పనికిరాదు. బాండాయ్ డీఎక్స్ చోగోకిన్ వరసలో వచ్చిన 1/48 వీఎఫ్-1జే ఫైటర్‌గా 30 సెంటీమీటర్లకు దగ్గరగా ఉంటుంది. చోగోకిన్ అనే పేరు 1972లో మొదలైన మజింగర్ జెడ్‌లోని కల్పిత లోహం నుంచి వచ్చినది. 1974లో పోపీ కంపెనీ ఆ పేరుతో లోహపు బొమ్మలు మొదలుపెట్టింది. 1/48లో చక్రాల తలుపుల లోపలి వివరం మొదలుకొని కాక్‌పిట్ వరకు కంటికి పండుగే, అంత పెద్దది గనుక బందుల మందం పెంచుకునే వెసులుబాటూ ఉంది. కాని దాన్ని ఒక చేత్తో పట్టుకుని మరో చేత్తో మార్చడం కుదరదు, బల్ల మీద గుడ్డ పరచుకుని కూర్చోవాలి. ఇక హసెగావా 1/72 ప్లాస్టిక్ కిట్‌లు రూపం మార్చే ఊసే ఎత్తవు. ఫైటర్ ఒక కిట్, బాట్రాయిడ్ మరో కిట్. నిజమైన యుద్ధవిమానాల కిట్‌లు చేసే కంపెనీ కావడం వల్ల వారు వాల్కిరీని కూడా ఒక నిజమైన విమానంలాగే చూశారు, తుంటి కీలు అనే ప్రశ్నను అసలు పక్కన పెట్టేశారు. అందం ఒక్కటే కావలసినవారికి అంతకంటే నిజాయితీ గల దారి లేదు. పాత 1/55 అచ్చు నుంచి బాండాయ్ తరువాతి కాలంలో మళ్లీ తీసిన బొమ్మలు దొరికితే అవి వీటన్నిటికీ వ్యతిరేక కొస. ఉబ్బు నడుముతో ఉన్నా, పిల్లవాడి చేతిలో పడి రోజుకు ఇరవైసార్లు మారినా తట్టుకోవాలన్న ఉద్దేశంతో చేసినవి. నా 1/60 వీటి నడుమ నిలుస్తుంది. హసెగావా అంత అందం లేదు, 1/55 అంత మొండితనం లేదు, చేతిలో ఇమిడే గుణం మాత్రం ఉంది.

జపాన్ బయట వాల్కిరీలు ఎందుకింత అరుదుగా దొరికేవో తెలిస్తే పాతవి కొనడం ఎందుకు తప్పదో అర్థమవుతుంది. 1985లో మక్రాస్‌ను మరో రెండు ధారావాహికలతో కలిపి రోబోటెక్ పేరుతో అమెరికాలో ప్రసారం చేసిన హార్మొనీ గోల్డ్‌కూ, జపాన్‌లోని హక్కుదారులకూ మధ్య దశాబ్దాల పాటు పేచీ నడిచింది. 2021 ఏప్రిల్‌లో ఆ సంస్థకూ జపాన్ హక్కుదారుల్లో ఒకటైన బిగ్‌వెస్ట్‌కూ ఒప్పందం కుదిరిన తరువాతనే దారులు తెరుచుకున్నాయి. అందువల్ల అంతకుముందరి బొమ్మలు దాదాపుగా జపాన్ మార్కెట్ కోసమే చేసినవి, వాటి రెండో చేతి బతుకు కూడా అక్కడే. టోక్యోలోని నకానో బ్రాడ్‌వే భవనంలో మందరాకె వంటి దుకాణాల గాజు అరల్లో ఇవి వరసలు తీరి ఉంటాయి. అక్కడి అమ్మకపు చీటీల మీద వాడే మాటలు రెండు తెలిసి ఉండాలి: ‘మికైఫూ’ అంటే పెట్టె విప్పనిది, ‘జంక్’ అంటే విరిగినదో కొన్ని భాగాలు లేనిదో, వెనక్కు తీసుకోరు. విప్పని పెట్టె మంచిదేననే భ్రమ నాకు కూడా ఉండేది. కాని తెల్లటి ప్లాస్టిక్ చీకట్లో కూడా పసుపెక్కుతుంది, మెత్తని వినైల్ భాగాలు సంచిలోనే జిగురు పడతాయి, పైగా విప్పలేదు గనుక భుజం పగిలి ఉందో లేదో అమ్మేవారికీ తెలియదు. విప్పి, మార్చి, ఫొటోలు పెట్టిన బొమ్మనే నేను ఎంచుకుంటాను.

అలాంటి ఫొటోల్లో ముందుగా చూడవలసింది ముఖం కాదు, భుజం బందును వెనక నుంచి తీసిన చిత్రం. అది లేకపోతే అడగాలి. తరువాత రెండు తుంటి కడ్డీలూ గాడుల్లో పూర్తిగా పడి ఉన్నాయో లేదో చూడాలి. ఒక కాలు మరోదానికంటే అర మిల్లీమీటరు బయటికి ఉంటే లోపల పిడి అరిగినట్టే. పెట్టెలోని చిన్న భాగాల్లో వేర్వేరు భంగిమల అరచేతులూ, కవచపు పలకా ఉన్నాయో లేదో లెక్కపెట్టుకోవాలి, అవి విడిగా దొరకవు. నాకు వచ్చినదానిలో కుడి అరచేయి ఒకటి తక్కువైంది. అమ్మినవారు ఆ సంగతి చీటీలో రాయలేదు, నేనూ అడగలేదు.

ఇన్ని చెప్పినా ఈ బొమ్మకు పదికి ఏడున్నర ఇస్తాను. అరలో పెట్టి చూసుకోవడానికే కొనేవారైతే ఇంత బాధ పడనక్కర లేదు, హసెగావా కిట్ కట్టుకోవచ్చు. వారానికి ఒకసారైనా చేతిలోకి తీసుకుని ఫైటర్ నుంచి గెర్‌వాక్‌కు, గెర్‌వాక్ నుంచి మళ్లీ ఫైటర్‌కు తిప్పాలనుకునేవారికి ఇది సరైనది. బాట్రాయిడ్ వరకు వెళ్లడం నేను నెలకు ఒక్కసారికి తగ్గించుకున్నాను, ఎడమ భుజాన్ని చివరికి వదిలిపెట్టి.